పాత హెడ్డు కొనే ముందు



మన ఊళ్ళలో పాత మోటారు సైకిళ్ళు ఇంకా తిరుగుతున్నాయి. ఆర్.ఎక్స్. 100 ఉంది. పాత యెజ్డి ఉంది. రాజ్‌దూత్ ఉంది. వీటి మీద పాల క్యాన్లు పోతాయి. కూరగాయల గంపలు పోతాయి. పొలానికి ఎరువు బస్తా పోతుంది. కొన్ని ఇళ్ళలో బండి నడిస్తేనే ఆ పూట డబ్బు చేతికి వస్తుంది.

ఈ బళ్ళు ఇప్పుడు తయారు కావడం లేదు. ఆర్.ఎక్స్. 100 మన దేశంలో 1985లో వచ్చింది. 1996లో ఆగిపోయింది. పాత యెజ్డి బళ్ళు చేసిన మైసూరు ఫ్యాక్టరీ కూడా 1996లోనే మూతపడింది. అందుకే ఏదైనా భాగం పాడైతే చాలామంది పాత సామాను కొంటారు. విజయవాడ ఆటోనగర్‌లో, విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో ఇలాంటి దుకాణాలు ఉన్నాయి.

పాతది కొనవచ్చు. కాని చూసి కొనాలి. చూడకుండా కొంటే డబ్బు పోతుంది. బండి దారిలో ఆగిపోతుంది.

"బండి సంగతి ఆడవాళ్ళకి ఏం తెలుస్తుంది?" అంటారు కొందరు. మనం కుండ కొనేటప్పుడు ఏం చేస్తాం? వేలితో కొట్టి చూస్తాం. వెలుగులో పెట్టి చూస్తాం. నీళ్ళు పోసి చూస్తాం. హెడ్డును కూడా అలాగే చూడాలి. కన్ను కావాలి, చెయ్యి కావాలి. కొంచెం అంకెలు చదవడం రావాలి. అవి మనకు వచ్చేశాయి కదా!

1. హెడ్డు అంటే ఏమిటి?

ఇంజనులో ఒక గుండ్రని గొట్టం ఉంటుంది. దాన్ని సిలిండర్ అంటారు. మెకానిక్‌లు బోరు అని కూడా అంటారు. గొట్టంలో పిస్టను పైకి కిందికి ఆడుతుంది. రోట్లో రోకలి ఆడినట్టు.

ఆ గొట్టానికి పైన మూత ఉంటుంది. ఆ మూతే హెడ్డు.

హెడ్డు కింద, పిస్టను పైన కొంచెం ఖాళీ ఉంటుంది. పెట్రోలు, గాలి కలిసి అక్కడికి వస్తాయి. పిస్టను వాటిని నొక్కుతుంది. ప్లగ్గు నిప్పు రవ్వ వేస్తుంది. పెట్రోలు ఒక్కసారిగా మండుతుంది. ఆ తోపుకు పిస్టను కిందికి పోతుంది. చక్రం తిరుగుతుంది.

కుక్కరు మూత సరిగ్గా పట్టకపోతే ఏమవుతుంది? ఆవిరి పక్కల నుంచి పోతుంది. పప్పు ఉడకదు. హెడ్డు కూడా అంతే. సరిగ్గా పట్టకపోతే తోపు పక్కల నుంచి పోతుంది. బండి లాగదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

హెడ్డును అల్యూమినియం కలిపిన లోహంతో పోత పోస్తారు. అల్యూమినియం 660 డిగ్రీల వేడికి కరుగుతుంది. పెట్రోలు మండే క్షణంలో లోపలి మంట వేడి అంతకన్నా చాలా ఎక్కువ. మరి హెడ్డు ఎందుకు కరగదు? ఆ మంట రెప్పపాటు మాత్రమే ఉంటుంది. హెడ్డు పైన పలచని రెక్కలు ఉంటాయి. బండి పోతుంటే రెక్కల మధ్య గాలి ఆడుతుంది. వేడిని గాలి తీసుకుపోతుంది. రెక్కల మధ్య బురద నిండితే వేడి పోదు. హెడ్డు వంగిపోతుంది.

2. ఇది టూ స్ట్రోక్ హెడ్డేనా?

బళ్ళు రెండు రకాలు. ఒకటి టూ స్ట్రోక్. రెండోది ఫోర్ స్ట్రోక్.

టూ స్ట్రోక్ బండిలో పెట్రోలు లోపలికి వచ్చే దారి, పొగ బయటికి పోయే దారి సిలిండర్ గోడలోనే ఉంటాయి. హెడ్డులో ఉండవు. అందుకే టూ స్ట్రోక్ హెడ్డు చిన్నది. లోపల గిన్నెలా గుంట ఉంటుంది. ప్లగ్గుకు ఒక రంధ్రం ఉంటుంది. చుట్టూ బోల్టు రంధ్రాలు ఉంటాయి. అంతే.

ఫోర్ స్ట్రోక్ హెడ్డులో వాల్వులు ఉంటాయి. అవి మూసుకునే, తెరుచుకునే తలుపుల లాంటివి. గుంటలో పెద్ద గుండ్రని రంధ్రాలు కనిపిస్తే అది ఫోర్ స్ట్రోక్ హెడ్డు. మన పాత బండికి పనికి రాదు.

కొన్ని మోపెడ్ల హెడ్డుకు మాత్రం ప్లగ్గు రంధ్రం కాక ఇంకో చిన్న రంధ్రం ఉంటుంది. అది ఇంజను స్టార్టు చేసేటప్పుడు, ఆపేటప్పుడు లోపలి ఒత్తిడి వదలడానికి.

ఇంకో సంగతి. యెజ్డి పేరుతో 2022 నుంచి కొత్త బళ్ళు వస్తున్నాయి. అవి ఫోర్ స్ట్రోక్ బళ్ళు. కాబట్టి దుకాణంలో "యెజ్డి హెడ్డు" అని ఊరుకోకూడదు. "పాత టూ స్ట్రోక్ యెజ్డి హెడ్డు" అని అడగాలి.

3. మన బండి హెడ్డేనా? కొలిచి చూద్దాం

అన్ని టూ స్ట్రోక్ హెడ్లు ఒకటి కావు. చూపుకు ఒకేలా ఉంటాయి. కొలత వేరు. స్కేలు తీసుకోండి. మిల్లీమీటరు గీతలు ఉన్న స్కేలు కావాలి. 10 మిల్లీమీటర్లు 1 సెంటీమీటరు.

హెడ్డును బోర్లా తిప్పండి. గుంట పైకి రావాలి. వాడిన హెడ్డు మీద గుండ్రని మచ్చ కనిపిస్తుంది. మచ్చకు లోపల మసి ఉంటుంది. బయట శుభ్రంగా ఉంటుంది. ఆ గుండ్రం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కొలవండి. మధ్య గుండా కొలవాలి. ఇది సిలిండర్ లోపలి కొలతకు దగ్గరగా ఉంటుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండవచ్చు.

మూడు బళ్ళ సిలిండర్ లోపలి కొలతలు ఇవి:

ఆర్.ఎక్స్. 100 – 50 మిల్లీమీటర్లు, అంటే 5 సెంటీమీటర్లు
ఆర్.ఎక్స్. 135 – 58 మిల్లీమీటర్లు, అంటే 5.8 సెంటీమీటర్లు
పాత యెజ్డి 250 – 65 మిల్లీమీటర్లు, అంటే 6.5 సెంటీమీటర్లు

50కీ 58కీ తేడా 8 మిల్లీమీటర్లే. చిటికెన వేలు గోరంత. కాని ఇంజనుకు అది పెద్ద తేడా. పెద్ద బండి హెడ్డు చిన్న సిలిండర్ మీద పెడితే లోపల ఖాళీ ఎక్కువవుతుంది. బండి లాగదు. చిన్న బండి హెడ్డు పెద్ద సిలిండర్ మీద పెడితే పిస్టను పోయి హెడ్డుకు తగలవచ్చు.

"బోల్టు రంధ్రాలు కలిశాయి, ఇంకేం చూస్తావు?" అంటే ఒప్పుకోకండి. రంధ్రాలు కలవాలి. గుంట కొలత కూడా కలవాలి.

అన్నిటికన్నా మంచి ఉపాయం ఒకటి ఉంది. పాడైన పాత హెడ్డును సంచిలో వేసుకుని దుకాణానికి తీసుకుపోండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

4. ప్లగ్గు మీద అక్షరం

ప్లగ్గు మర కూడా సరిపోవాలి. ఈ బళ్ళ ప్లగ్గు మర మందం 14 మిల్లీమీటర్లు. అయితే మర పొడవులో రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. పొట్టి మర 12.7 మిల్లీమీటర్లు. పొడుగు మర 19 మిల్లీమీటర్లు.

ఎన్.జి.కె. ప్లగ్గుల మీద ఇంగ్లీషు అక్షరాలు, ఒక అంకె కలిపి ఉంటాయి. అంకె తరవాత వచ్చే అక్షరం చూడండి. అది మర పొడవు చెబుతుంది. హెచ్ ఉంటే పొట్టి మర. ఇ ఉంటే పొడుగు మర.

హెచ్ ఎలా ఉంటుంది? రెండు నిలువు గీతలు, మధ్యలో ఒక అడ్డగీత. ఒక్క మెట్టు ఉన్న నిచ్చెనలా ఉంటుంది. ఇ ఎలా ఉంటుంది? ఒక నిలువు గీత, దానికి కుడి పక్కన మూడు అడ్డగీతలు. మూడు పళ్ళ దువ్వెనలా ఉంటుంది. రెండింటినీ పలక మీద రాసి చూడండి.

పొట్టి మర హెడ్డులో పొడుగు ప్లగ్గు పెడితే ప్లగ్గు లోపలికి పొడుచుకు వస్తుంది. పిస్టను వచ్చి తగలవచ్చు. పొడుగు మర హెడ్డులో పొట్టి ప్లగ్గు పెడితే మిగిలిన మరల్లో మసి పేరుకుంటుంది. తరవాత సరైన ప్లగ్గు ఎక్కదు. మరలు పాడవుతాయి.

5. వదిన, మరదలు, దుకాణం

ఒక మరదలు పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. ఇంట్లో పాల బండి ఆగిపోయింది. హెడ్డు పగిలిందని మెకానిక్ చెప్పాడు. వదినను తోడు తీసుకుని దుకాణానికి వెళ్ళింది. వదిన వాళ్ళది మెకానిక్ షెడ్డు. పదేళ్ళుగా షెడ్డులో చెయ్యి అందిస్తోంది.

దుకాణదారు: రా చెల్లెమ్మా. ఆర్.ఎక్స్. 100 హెడ్డు కదా? ఇదిగో. ఎలా మెరుస్తోందో చూడు.

మరదలు: బాగుంది వదినా. కొత్తదానిలా ఉంది.

వదిన: ఉండమ్మా. అన్నా, దీనికి వెండి రంగు వేశారు కదా?

దుకాణదారు: చూడ్డానికి బాగుంటుందని వేశాం.

వదిన: రంగు కింద చీలిక ఉంటే ఎట్లా కనపడుతుంది? రంగు వెయ్యనిది చూపించన్నా.

దుకాణదారు: ఉంది గాని మసి పట్టి ఉంది.

వదిన: మసి ఉంటేనే మంచిది. ఆ బండి ఎట్లా నడిచిందో మసే చెబుతుంది. ఇటు చూడమ్మా. గుంటలో మసి ఏ రంగులో ఉంది?

మరదలు: కాఫీ పొడి రంగులో ఉంది. పొడిగా ఉంది.

వదిన: అట్లా ఉంటే బండి బాగానే నడిచినట్టు. నల్లగా, జిడ్డుగా, మందంగా ఉంటే ఆయిలు ఎక్కువ పడ్డట్టు. తెల్లగా బూడిదలా ఉంటే బాగా వేడెక్కినట్టు. వెండి చుక్కలు మెరిస్తే పిస్టను కరిగి అతుక్కున్నట్టు.

మరదలు: అబ్బో! మసికి ఇంత కథ ఉందా?

వదిన: అన్నా, ఒక శుభ్రమైన ప్లగ్గు ఇటివ్వు. అమ్మాయ్, నువ్వే ఎక్కించు. పానా వద్దు. వేళ్ళతోనే తిప్పు.

మరదలు: ఒకటి, రెండు, మూడు... తేలిగ్గా పోతోంది వదినా.

వదిన: చివరిదాకా పోనీ. పోయిందా? ఇప్పుడు ప్లగ్గు పట్టుకుని అటూ ఇటూ ఊపు.

మరదలు: కదలడం లేదు.

వదిన: అయితే మరలు బాగున్నాయి. ఊగితే మరలు అరిగినట్టు. మధ్యలో పట్టేస్తే మరలు దెబ్బ తిన్నట్టు. అప్పుడు బలవంతం చెయ్యకూడదు.

దుకాణదారు: ఏం చెల్లెమ్మా, ఇంత చూస్తే మేం సరుకెట్లా అమ్ముకునేది?

వదిన: మంచి సరుకైతే చూసినకొద్దీ అమ్ముడుపోతుందన్నా. రూపాయి రూపాయి కూడబెట్టి కట్టాల్సిన అప్పు ఇది.

దుకాణదారు నవ్వాడు. లోపలి నుంచి ఇంకో రెండు హెడ్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

6. ఆరు పరీక్షలు

వదిన చేసిన పరీక్షలు మనం కూడా చేయవచ్చు. ముందు హెడ్డును కిరోసిన్‌తో కడగాలి. కిరోసిన్ దొరక్కపోతే డీజిల్ వాడండి. దగ్గరలో పొయ్యి గాని, బీడీ గాని ఉండకూడదు. పెట్రోలుతో కడగవద్దు. ప్రమాదం. మసిని చెక్క పుల్లతో గీకాలి. ఉలితో, స్క్రూడ్రైవర్‌తో గీకితే మెత్తని లోహం మీద గాట్లు పడతాయి.

మొదటి పరీక్ష: రెక్కలు

రెక్కలన్నీ వేలితో తడిమి చూడండి. ఒక రెక్క కొస కొంచెం విరిగితే భయం లేదు. రెక్క మొదట్లో విరిగితే అనుమానించండి. అక్కడి నుంచి చీలిక లోపలికి పోయి ఉండవచ్చు. నాలుగైదు రెక్కలు పోతే ఆ హెడ్డు వద్దు. వేడి బయటికి పోదు.

రెండో పరీక్ష: ప్లగ్గు మర

పైన చెప్పినట్టు ప్లగ్గును వేళ్ళతో ఎక్కించి చూడండి. తరవాత రంధ్రం లోపలికి చూడండి. లోపల వేరే లోహం రింగు గాని, తీగ చుట్టు గాని కనిపిస్తే ఒకసారి మర పోయి బాగు చేసినట్టు. దాన్ని బుష్ వేయడం అంటారు. బాగా వేసిన బుష్ గట్టిగానే పనిచేస్తుంది. కాని ధర తగ్గించమని అడగండి. వదులుగా వేసిన బుష్ ప్లగ్గుతో పాటు ఊడి వస్తుంది.

మూడో పరీక్ష: గుంట

గుంటలో చిన్న చిన్న గుంతలు ఉన్నాయా? స్ఫోటకం మచ్చల్లా ఉంటే, ఆ ఇంజనులో పిస్టను రింగు విరిగి ముక్కలు ఎగిరి తగిలి ఉండవచ్చు. ఒకటి రెండు చిన్న మచ్చలు పరవాలేదు. అంచు చీమలు కొరికిన బెల్లంలా తినేసి ఉంటే వద్దు. పెట్రోలు వేళ కాని వేళ మండితే అంచు అలా పోతుంది.

నాలుగో పరీక్ష: చీలిక

ఇది అన్నిటికన్నా ముఖ్యం. చీలిక ఎక్కువగా ప్లగ్గు రంధ్రం చుట్టూ వస్తుంది. అక్కడి నుంచి బోల్టు రంధ్రం వైపు పోతుంది. వెంట్రుకలా సన్నగా ఉంటుంది. కంటికి కనపడదు. దీనికి సుద్ద ముక్కే మనకు సాయం.

హెడ్డును శుభ్రంగా తుడవండి. దాని మీద కిరోసిన్ పూయండి. పది నిమిషాలు ఆగండి. పొడి గుడ్డతో బాగా తుడవండి. తడి ఉండకూడదు. తరవాత సుద్ద పొడి పలచగా రాయండి. కొంచెం సేపు చూడండి. చీలిక ఉంటే అందులో దాగిన కిరోసిన్ బయటికి వస్తుంది. తెల్లని సుద్ద మీద తడి గీత కనిపిస్తుంది. ఆ గీత కనిపిస్తే హెడ్డు వెనక్కి ఇచ్చేయండి.

ఐదో పరీక్ష: కారుతుందా?

ప్లగ్గు బిగించండి. హెడ్డును బోర్లా తిప్పి గుంటలో కిరోసిన్ పోయండి. పది నిమిషాలు ఉంచండి. కింద కాగితం వేయండి. కాగితం మీద మరక పడితే ఎక్కడి నుంచి కారిందో చూడండి. ప్లగ్గు మొదట్లో కారితే వాషరు పాడై ఉండవచ్చు. వాషరు మార్చి మళ్ళీ చూడండి. రెక్కల మధ్య నుంచి కారితే చీలిక ఉన్నట్టే.

ఆరో పరీక్ష: ముఖం చదును

సిలిండర్‌కు ఆనే వైపును ముఖం అంటారు. ముఖం చదునుగా ఉండాలి. హెడ్డు వేడెక్కితే, బోల్టులు ఒక పక్కే బిగిస్తే ముఖం వంగుతుంది.

మందపాటి చదును అద్దం ముక్క తీసుకోండి. హెడ్డు ముఖాన్ని దాని మీద పెట్టండి. నాలుగు మూలలా వేలితో నొక్కండి. టకటకమని ఊగితే వంగినట్టు. ఊగకపోతే నోటు పుస్తకం కాగితం తీసుకోండి. అంచు కింద దూర్చి చూడండి. ఎక్కడైనా దూరితే వంగినట్టు.

ఆ కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. ఒక మిల్లీమీటరును 10 భాగాలు చేస్తే అందులో 1 భాగం. ఇలాంటి హెడ్లకు సందు సుమారు 0.03 మిల్లీమీటరు దాటకూడదు. ఒక మిల్లీమీటరును 100 భాగాలు చేస్తే అందులో 3 భాగాలు. కాబట్టి కాగితం దూరేంత సందు చాలా ఎక్కువ. కాగితం దూరకపోయినా కొన్నాక మెకానిక్‌తో ఫిల్లర్ గేజి పెట్టించి చూడండి. అది సన్నని ఉక్కు రేకుల కట్ట. రేకు మీద దాని మందం రాసి ఉంటుంది. మీరే చదవవచ్చు.

కొన్ని పాత హెడ్లకు ముఖం మీద చిన్న గట్టు ఉంటుంది. అవి అద్దం మీద ఆనవు. వాటిని మెకానిక్‌తోనే చూపించండి.

7. ఏది బాగవుతుంది? ఏది కాదు?

బాగు చేయించుకోగలిగినవి:
మసి పట్టడం. ప్లగ్గు మర పోవడం. ముఖం కొంచెం వంగడం. రెక్క కొస విరగడం.

వద్దు అనవలసినవి:
ప్లగ్గు దగ్గర చీలిక. గుంటలో పెద్ద దెబ్బలు. కరిగిన అంచు. గుంటలో వెల్డింగ్ అతుకు. చాలా రెక్కలు విరగడం.

ముఖం కొంచెం వంగితే ఎలా సరిచేస్తారు? చదును అద్దం మీద సన్నని ఉప్పు కాగితం పరుస్తారు. దుకాణాల్లో దీన్ని వాటర్ పేపరు అంటారు. 400 నంబరు, 600 నంబరు కాగితాలు వాడతారు. హెడ్డు ముఖాన్ని దాని మీద పెట్టి నెమ్మదిగా రుద్దుతారు. ఎలా రుద్దాలి? మనం పలక మీద 8 అంకె దిద్దినట్టు తిప్పుతూ రుద్దాలి. అప్పుడు అన్ని వైపులా సమంగా అరుగుతుంది. ఎక్కువ వంగితే లేత్ షాపులో చేయించాలి.

ఒక జాగ్రత్త. ముఖం ఎంత అరగదీస్తే గుంట అంత లోతు తగ్గుతుంది. పెట్రోలు మరీ గట్టిగా నొక్కుకుంటుంది. ఇంజను టకటక కొడుతుంది. వేడెక్కి మళ్ళీ పాడవుతుంది. ఇంతకు ముందే బాగా అరగదీసిన హెడ్డు కొనవద్దు. మీ పాత హెడ్డు పక్కన పెట్టి మందం చూడండి. తేడా తెలుస్తుంది.

8. లెక్క వేద్దాం

ఈ లెక్కలో ధరలు నేర్చుకోవడానికి మాత్రమే. మీ ఊళ్ళో ధర అడిగి తెలుసుకోండి.

మొదటి హెడ్డు ధర 600 రూపాయలు. ప్లగ్గు మర పోయింది. బుష్ వేయడానికి 350 రూపాయలు. ముఖం వంగింది. లేత్ షాపులో 250 రూపాయలు.

600 + 350 + 250 = 1200 రూపాయలు.

రెండో హెడ్డు ధర 1000 రూపాయలు. ఆరు పరీక్షలూ నెగ్గింది. ఖర్చు ఏమీ లేదు.

1200 – 1000 = 200 రూపాయలు.

చూశారా? 600 రూపాయల హెడ్డు చౌక అనిపించింది. లెక్క వేస్తే 200 రూపాయలు ఎక్కువ పడింది. పైగా షాపుల చుట్టూ తిరగాలి. అన్నాళ్ళూ పాలు వేరే వాళ్ళ బండి మీద పంపాలి.

9. చీటీ రాయించుకోండి

డబ్బు ఇచ్చే ముందు చీటీ అడగండి. చీటీని మీరే చదవండి. అందులో ఇవి ఉండాలి:

తేదీ ..................
దుకాణం పేరు ..................
వస్తువు: పాత హెడ్డు
ఏ బండిది ..................
ధర: అంకెల్లో .................. అక్షరాల్లో ..................
సరిపోకపోతే ........ రోజుల్లో వాపసు
అమ్మినవారి సంతకం ..................
కొన్నవారి సంతకం ..................

కొన్నవారి సంతకం దగ్గర వేలిముద్ర వేయవద్దు. మీ పేరు రాయండి.

ఇంజను నంబరు హెడ్డు మీద ఉండదు. అది కింద ఇంజను పెట్టె మీద కొట్టి ఉంటుంది. కాబట్టి హెడ్డు మారిస్తే బండి కాగితాలు మార్చనక్కరలేదు. కాని నంబరు లేదు గనక హెడ్డు ఎవరిదో కూడా తెలియదు. చీటీ ఇవ్వని చోట, మరీ చౌకగా సందులో అమ్మే చోట కొనవద్దు. దొంగ సొత్తు అని తెలిసి కొనడం నేరం.

10. బిగించేటప్పుడు

మెకానిక్ బిగిస్తుంటే పక్కన నిలబడి ఇవి చూడండి.

* గ్యాస్కెట్ కొత్తది వేయాలి. పాతది మళ్ళీ వేయకూడదు.
* నట్లు ఒక్కసారిగా బిగించకూడదు. ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక పక్కే బిగిస్తే ముఖం వంగుతుంది.
* ప్లగ్గును ముందు వేళ్ళతో ఎక్కించాలి. తరవాతే పానా పెట్టాలి.
* ఇంజను వేడిగా ఉండగా ప్లగ్గు విప్పకూడదు. అల్యూమినియం మర లేచి వస్తుంది.

హెడ్డు మళ్ళీ పాడు కాకుండా టూ టీ ఆయిలు చూసుకోండి. ఆర్.ఎక్స్. 100కు ఆయిలు డబ్బా వేరే ఉంటుంది. అది ఖాళీ కాకూడదు. పాత యెజ్డికి, రాజ్‌దూత్‌కు పెట్రోలులోనే ఆయిలు కలపాలి. ఎంత కలపాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. 25కు 1 అని ఉంటే ఎంత? 1 లీటరు అంటే 1000 మిల్లీలీటర్లు. 1000ని 25తో భాగిస్తే 40. అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిలు. కొలత సీసాతో పోయండి. చేతి అందాజు వద్దు.

కొత్త మాటలు

హెడ్డు – సిలిండర్ మీద మూత
గ్యాస్కెట్ – హెడ్డుకు, సిలిండర్‌కు మధ్య వేసే పలచని బిళ్ళ
బుష్ – పోయిన మర స్థానంలో వేసే కొత్త మర
ఫిల్లర్ గేజి – సన్నని సందు కొలిచే రేకుల కట్ట
ముఖం – సిలిండర్‌కు ఆనే చదును వైపు

జవాబులు రాయండి

1. టూ స్ట్రోక్ హెడ్డులో ఏవి ఉండవు?
2. ఆర్.ఎక్స్. 100 సిలిండర్ లోపలి కొలత ఎంత?
3. రంగు వేసిన హెడ్డును వదిన ఎందుకు వద్దంది?
4. సుద్ద పొడితో చీలిక ఎలా తెలుస్తుంది?
5. పెట్రోలులో ఆయిలు 20కి 1 కలపాలి. లీటరు పెట్రోలుకు ఎన్ని మిల్లీలీటర్లు?

ఖాళీలు పూరించండి

1. హెడ్డు మీద ఉండే పలచని ................ వేడిని బయటికి పంపుతాయి.
2. ఇంజను ................ ఉండగా ప్లగ్గు విప్పకూడదు.
3. ముఖాన్ని రుద్దేటప్పుడు ................ అంకె దిద్దినట్టు తిప్పాలి.

చేసి చూడండి

మీ వీధిలో ఉన్న మెకానిక్ షెడ్డుకు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. ఒక పాత హెడ్డు అడిగి తీసుకోండి. గుంట కొలవండి. ఆరు పరీక్షలు చేయండి. చూసింది చూసినట్టు నోటు పుస్తకంలో రాయండి. మీ ఇంట్లో పాత బండి ఉంటే దాని పేరు, ప్లగ్గు మీద ఉన్న అక్షరాలు, అంకె కూడా రాసి పెట్టుకోండి. దుకాణానికి వెళ్ళే రోజు ఆ పుస్తకం చేతిలో ఉండాలి.